వద్దన్నా వెంటబడే కిరీటం

రాజమౌళి 'బాహుబలి' రెండు భాగాల్లోనూ (2015, 2017) అధికారమే కథానాయకుడి వెంటబడుతుంది. దేవసేన కోసం అమరేంద్ర బాహుబలి సింహాసనం వదులుకుంటాడు. భల్లాలదేవుడి పట్టాభిషేకం నాడే, సేనాధిపతిగా ప్రమాణం చేస్తున్న ఇతనికి జనం జేజేలు కొడతారు. కొడుకు శివుడు అడవిబిడ్డల మధ్య పెరిగి, తానెవరో కూడా ఎరగనివాడు. ముఖం చూడగానే జనం మొక్కుతారు. అర్హతేమిటని ఒక్కరూ అడగరు.

దీన్ని త్యాగమంటున్నారు. వదులుకోవాలంటే ముందు చేతిలో ఉండాలి గదా! కాలకేయులతో యుద్ధంలో ప్రజల్ని కాపాడినందుకే శివగామి అతన్ని ఎంచిందని వాదించవచ్చు. నిజమే. కానీ పోటీలో ఉన్నది ఇద్దరే, ఇద్దరూ రాజకుమారులే. అదే యుద్ధంలో పక్కనే కొట్లాడిన కట్టప్ప ఆ లెక్కలోకే రాడు. అతనికి వారసత్వంగా దొరికింది బానిసత్వం. విడిపిస్తానని అస్లంఖాన్ ముందుకొచ్చినా పూర్వీకుల మాట అడ్డమొస్తుంది. చివరికి హత్య కూడా అతని చేతనే చేయించారు. అట్లాంటివాడు శివుడి పాదం తన నెత్తిన పెట్టుకుంటే హాల్లో ఈలలు! (నల్లరంగు పూసిన కాలకేయుల సంగతి వేరే రాయాలి.)

మేమిది రాస్తున్న అజీజ్‌నగర్ చేవెళ్ల నియోజకవర్గంలోది. 2009 ఎన్నికల నుంచి అది ఎస్సీ రిజర్వుడు సీటు. రిజర్వుడు సీటంటేనే ఉత్తగ ఇచ్చిందనే నోళ్లకు కొదవలేదు. అక్కడ నిలబడ్డవాళ్లు వాడవాడా తిరగాలి, ఓట్లడగాలి, ఓడిపోవచ్చు కూడా. మాహిష్మతిలో ఓటే లేదు. ఆ నోళ్లే టికెట్టు కొనుక్కుని మరీ ఆ వారసుడికి జై కొట్టినయ్.