పోయిన మనిషి, దొరకని సమాధానం: అతీంద్రియ థ్రిల్లర్ నవలను విమర్శించడం

1. ఉపోద్ఘాతం

విద్యార్థులారా! ఇంతకు ముందు భాగంలో అపరాధ పరిశోధక నవల గురించి చదువుకున్నారు. అందులో ఒక నేరం జరుగుతుంది, ఒక డిటెక్టివ్ వస్తాడు, చివరి పేజీల్లో దోషి దొరుకుతాడు. మరి దోషి దొరకకపోతే? అసలు పోయిన మనిషే దొరకకపోతే? ఏళ్లు గడిచినా ఏమైందో ఎవరికీ తెలియకపోతే? ఆ ఖాళీలోకి దయ్యమో, మంత్రమో, శాపమో వచ్చి కూర్చుంటుంది. అతీంద్రియ థ్రిల్లర్ నవలకు పునాది ఆ ఖాళీయే.

ఈ రకం నవలను ఎలా చదవాలో, ఎలా విలువ కట్టాలో రెండు రచనల ఆధారంగా పరిశీలిద్దాం. మొదటిది యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. రెండోది ఆస్ట్రేలియా రచయిత్రి జోన్ లిండ్సే 1967లో ప్రచురించిన 'పిక్నిక్ ఎట్ హాంగింగ్ రాక్'. మొదటి నవలలో మనిషి మాయం కావడం లేదు, ఒక పసిపాప ప్రాణం పోయే ప్రమాదం ఉంది. రెండోది పూర్తిగా అదృశ్యం గురించిన నవల. ఇతివృత్తాలు వేరైనా వీటిని పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. ఒకదానిలో అతీత శక్తి సమాధానంగా ముందుకు వస్తుంది, మరొకదానిలో ప్రశ్నగా మిగిలిపోతుంది. ఈ తేడాను గుర్తించడమే ఈ భాగం ఉద్దేశం.

2. ఒక ఊరి అనుభవం

నవలల్లోకి వెళ్లేముందు ఒక సంగతి చెబుతాను. మా ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. నా చిన్నతనంలో మా వాడలో ఒకాయన కూలి పనికని బొంబాయి పోయాడు. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఆయన భార్య బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఎవరైనా అడిగితే "సచ్చిండని ఎవలు జూసిండ్రు?" అనేది. ఆమె ఆ సందేహంతోనే బతికింది. ఊరు మాత్రం బతకలేకపోయింది. ఒకరోజు ఎవరో "ఎవలో ఏదో చేసిండ్రు" అన్నారు. కొద్ది రోజుల్లోనే ఆ 'ఎవలో'కు ఒక మనిషి దొరికింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ. ఆమె బావి దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు తీసుకొని పక్కకు జరిగేవాళ్లు. ఆమెను ఎవరూ కొట్టలేదు. కానీ చనిపోయేదాకా ఆమెతో మాట్లాడినవాళ్లు తక్కువ. నేనూ మాట్లాడలేదు. ఆమె గుడిసె ముందు నుంచి పరుగెత్తిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి.

ఇది పాత సంగతే కావచ్చు. అయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ల కబురు కోసం ఎదురుచూసే ఇళ్లు మీలో చాలామందికి తెలుసు. చట్టానికి కూడా ఈ స్థితి తెలుసు. ఒక మనిషి గురించి సహజంగా కబురు తెలియవలసిన వాళ్లకు 7 సంవత్సరాల పాటు ఏమీ తెలియకపోతే, అతను బతికే ఉన్నాడని చెప్పేవాళ్లే దాన్ని నిరూపించాలని 1872 నాటి సాక్ష్యాధార చట్టంలోని 108వ సెక్షన్ చెప్పేది. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ నియమం కొనసాగింది. కోర్టుకు 7 ఏళ్ల లెక్క చాలు. మనసుకు అలాంటి లెక్క లేదు. ఆ లోటును కథలు పూరిస్తాయి. ఎలా పూరిస్తాయన్నదే మన ప్రశ్న.

3. విమర్శకు ఒక సాధనం: సంశయం

ట్జ్వెటాన్ తొడోరోవ్ అనే విమర్శకుడు 1970లో ఫ్రెంచి భాషలో ప్రచురించిన గ్రంథంలో ఈ రకం సాహిత్యానికి ప్రాణం 'సంశయం' అని ప్రతిపాదించాడు. జరిగిన వింతకు లోకసహజమైన కారణం ఉందా, లేక అది నిజంగానే అతీతమా అని పాఠకుడు తేల్చుకోలేని స్థితి అది. సహజ కారణం తేలిపోతే ఆ కథ ఒక వర్గంలోకి పోతుంది. దయ్యం నిజమేనని తేలిపోతే మరో వర్గంలోకి పోతుంది. రెండింటి మధ్య ఊగుతున్నంతసేపే అసలైన ఉత్కంఠ. ఇప్పుడు ఈ సాధనాన్ని మన రెండు నవలలకు అన్వయించి చూద్దాం.

4. తులసిదళం: రెండు సమాధానాలు

'తులసిదళం' 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. వారం వారం పాఠకులు పత్రిక కోసం ఎదురుచూసిన రోజులవి. శ్రీధర్, శారద దంపతుల కూతురు తులసి. ఆ పాపకు రావలసిన ఆస్తి ఆమె మరణిస్తే మరొకరికి చేరుతుంది. ఆ డబ్బు కోసం ఆమెపై కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పాప రోజురోజుకూ క్షీణిస్తుంది. గడువు దగ్గర పడుతుంటుంది.

ఈ నవల బలం ఎక్కడుంది? భయాన్ని పాడుబడిన కోటలో కాక మధ్యతరగతి ఇంట్లో, పాప మంచం పక్కన పెట్టడంలో ఉంది. రోజులు లెక్కపెట్టే కథన పద్ధతి ధారావాహికకు సరిగ్గా అమరింది. ఒకవైపు వైద్యం, మనస్తత్వ శాస్త్రం, విజ్ఞానం పాపను కాపాడాలని చూస్తాయి. మరోవైపు మంత్రవిద్య తెలిసినవాళ్లు అదే ప్రయత్నం చేస్తారు. రెండు దారులూ సమాంతరంగా సాగుతాయి. ఏది నమ్మాలో పాఠకుడి ఇష్టం. తొడోరోవ్ చెప్పిన సంశయాన్ని జనాదరణ పొందిన తెలుగు నవల ఇంత పట్టుగా వాడుకోవడం చిన్న విషయం కాదు. నేనూ ఈ నవలను ఒక్క రాత్రిలో చదివినవాణ్ణే. ఆ పట్టును కాదనలేను.

అయితే ఒక ప్రశ్న వేసుకోండి. పుస్తకం మూసిన తర్వాత మీకు ఏది గుర్తుంటుంది? కాష్మోరా గుర్తుంటుంది. ఆ మాట నవల చదవనివాళ్ల నోళ్లలో కూడా నానింది. కానీ కథలో అసలు నేరం ఆస్తి కోసం పాపను చంపాలనుకోవడం. దాని వెనుక ఉన్నది దురాశ. భయమంతా మంత్రగాడి మీదికి మళ్లేసరికి దురాశ మసకబారుతుంది. రెండు సమాధానాలకు సమాన గౌరవం ఇచ్చినట్టు కనిపించినా, ఊహను ఆక్రమించుకునేది ఒక్కటే.

బాణామతి, చేతబడి అనే మాటలు మెదక్, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల్లో కేవలం కథలోని మాటలు కావు. ఆ అనుమానంతో మనుషులను కొట్టారు, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టారు, చంపారు. దీనికి ఒక నవలను బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు. ఆ నమ్మకం నవలకంటే చాలా పాతది. అయినా విమర్శకుడు ఒక మాట అడగక తప్పదు. వింతకు సమాధానంగా మంత్రాన్ని చూపినప్పుడు మంత్రం వేసిన మనిషి కూడా కావాలి. ఆ మనిషి స్థానంలో పాఠకుడు ఎవరిని ఊహించుకుంటాడు?

5. పిక్నిక్ ఎట్ హాంగింగ్ రాక్: సమాధానం లేకపోవడం

1900 ఫిబ్రవరి 14. విక్టోరియా రాష్ట్రంలోని ఒక బాలికల వసతి పాఠశాల నుంచి పిల్లలు హాంగింగ్ రాక్ అనే పాత అగ్నిపర్వత శిలల దగ్గరికి వనభోజనానికి వెళతారు. అక్కడ గడియారాలు 12 గంటల దగ్గర ఆగిపోతాయి. నలుగురు అమ్మాయిలు కొండ ఎక్కుతారు. వారిలో ఈడిత్ కేకలు వేస్తూ వెనక్కి పరుగెత్తుకొస్తుంది. మిరాండా, మారియన్, ఇర్మా కనిపించరు. ఒక ఉపాధ్యాయిని కూడా మాయమవుతుంది. కొన్ని రోజుల తర్వాత ఇర్మా ఒక్కతే ప్రాణాలతో దొరుకుతుంది. ఆమెకు ఏమీ గుర్తుండదు. మిగిలినవాళ్లు ఏమయ్యారో నవల చెప్పదు.

ఇది నిజమా కల్పితమా అన్నది పాఠకులే తేల్చుకోవాలని రచయిత్రి మొదట్లోనే వదిలేసింది. నవలలో ఆ రోజు శనివారం. అసలు క్యాలెండర్ ప్రకారం అది బుధవారం. ఈ చిన్న తేడా కూడా పాఠకుణ్ణి నేలమీద నిలబడనివ్వదు.

సమాధానం లేనందువల్ల కథ ఆగిపోలేదని గమనించండి. పోయినవాళ్ల నుంచి దృష్టి మిగిలినవాళ్ల వైపు తిరుగుతుంది. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పిస్తారు. బడి కూలిపోతుంది. ప్రధానోపాధ్యాయిని చివరికి అదే కొండపై ప్రాణం తీసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన సన్నివేశం ఇర్మా వీడ్కోలు చెప్పడానికి వచ్చినప్పటిది. ఒకప్పటి స్నేహితురాళ్లే ఆమెను చుట్టుముట్టి, ఏం జరిగిందో చెప్పమని అరుస్తూ మీద పడతారు. ఆమె దగ్గర సమాధానం లేదు. తెలియకపోవడాన్ని భరించలేని గుంపు, తిరిగొచ్చిన పిల్లనే దోషిలా చూస్తుంది. ఆ పేజీలు చదివిన ప్రతిసారీ నాకు మా ఊరి బావి దగ్గర పక్కకు జరిగిన బిందెలు గుర్తొస్తాయి.

ఇంకొక విశేషం. లిండ్సే మొదట రాసిన చివరి అధ్యాయంలో అదృశ్యానికి వివరణ ఉంది. ప్రచురణకు ముందు దాన్ని తొలగించారు. ఆమె 1984లో మరణించిన తర్వాత, 1987లో అది విడిగా వెలువడింది. అందులో కాలం, స్థలం తారుమారవుతాయి, మనుషులు రూపం మారుతారు. చదివితే ఆ కొండ ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది. తొలగించడమే నవలకు మేలు చేసింది.

6. విలువ కట్టడం

దీన్నిబట్టి సమాధానం చెప్పకపోవడమే గొప్ప అని సూత్రం చేయకండి. చేతకాక వదిలేసిన ముగింపు వేరు, బాధ్యతతో తెరిచి ఉంచిన ముగింపు వేరు. మొదటిది పాఠకుణ్ణి మోసం చేస్తుంది. రెండోది పోయినవాళ్ల లోటును పూడ్చకుండా కాపాడుతుంది. అలాగే ఉత్కంఠను తక్కువ చేసి మాట్లాడకండి. లక్షల మందిని చదివించిన నవలను "వ్యాపార సాహిత్యం" అనే ఒక్క మాటతో పక్కన పెట్టడం విమర్శ కాదు.

ఈ రకం నవల మీ చేతికి వచ్చినప్పుడు మూడు విషయాలు పరిశీలించండి. ఒకటి, సంశయం ఎంతవరకు నిలిచింది, ఎక్కడ తెగింది. రెండు, అతీత శక్తి వల్ల కథలోని మానవ నేరం స్పష్టమైందా, మరుగున పడిందా. మూడు, ముగింపు ఎవరిని దోషిగా నిలబెట్టింది, అందుకు కథలో తగిన ఆధారం ఉందా. మూడో దానికి జవాబు రాసేటప్పుడు తొందరపడకండి.

7. సారాంశం

తెలియని దాన్ని తెలియదని ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం మా ఊరిలో ఎదురుచూసిన భార్యకు ఉంది. మా ఊరికి లేకపోయింది. మంచి అతీంద్రియ నవల మనల్ని భయపెడుతూనే ఆ ధైర్యాన్ని కొంచెం అలవాటు చేస్తుంది. అలా చేసిందా లేదా అన్నదే దానికి మీరు పెట్టవలసిన పరీక్ష.

స్వీయ పరీక్షా ప్రశ్నలు

1. 'సంశయం' అనే భావనను 'తులసిదళం' ఆధారంగా వివరించండి.
2. హాంగింగ్ రాక్ నవలలో ఇర్మా వీడ్కోలు సన్నివేశానికి ఉన్న ప్రాధాన్యం ఏమిటి?
3. మీ ప్రాంతంలో వినిపించే ఒక అదృశ్యం కథను తీసుకొని, అందులో ఎవరి మీద నింద పడిందో, అందుకు ఏ ఆధారం ఉందో ఒక పేజీలో విశ్లేషించండి. మనుషుల పేర్లు రాయవద్దు.