పుట్టగొడుగూ, పెట్టుబడీ

మన భాషలో పుట్టగొడుగు ఒక చులకన మాట. వేరూ మొదలూ లేకుండా రాత్రికి రాత్రి లేచినదాన్ని దానితో పోలుస్తాం. అన్నా త్సింగ్ రాసిన “ది మష్రూమ్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్” చదివినవారు ఆ పోలికను మళ్లీ అంత తేలిగ్గా వాడలేరు. 2015లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వెలువరించిన ఈ గ్రంథానికి వస్తువు మాత్సుతాకే అనే అడవి పుట్టగొడుగు. రచయిత్రి మానవశాస్త్రవేత్త. పెట్టుబడి పాడుచేసి వదిలిన నేలమీద మనుషులెలా బతుకుతున్నారన్నది ఆమె ప్రశ్న. అది మన ప్రశ్న కూడా.

మాత్సుతాకే పైన్ చెట్టు వేళ్లను పెనవేసుకొని బతుకుతుంది. చెట్టుకు ఖనిజ లవణాలు అందిస్తుంది, చెట్టునుంచి చక్కెర పుచ్చుకుంటుంది. దీన్ని మామూలు పంటలా సాగుచేయడం సాధ్యం కాలేదు. జపాన్‌లో రైతులు వంటచెరకు కొట్టి, ఎరువుకోసం ఆకులు ఊడ్చుకుపోయిన కొండలమీద ఎర్ర పైన్ పెరిగింది, దానికింద ఇది మొలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త ఇంధనాలూ రసాయనిక ఎరువులూ వచ్చాయి. రైతుకు ఆ కొండతో పని లేకపోయింది. ఇతర చెట్లు కమ్ముకున్నాయి, తెగులు పైన్లను చంపింది. ఖరీదైన కానుకలకూ విందులకూ కావలసిన సరుకు స్వదేశంలో కరువైంది. వ్యాపారి చూపు పరదేశపు అడవులమీద పడింది.

వాటిలో అమెరికాలోని ఆరెగాన్ ఒకటి. అక్కడ కలప కంపెనీలు పెద్ద పాండరోసా పైన్లను నరికేశాయి. అటవీశాఖ కార్చిచ్చులను అణచివేసింది. ఆ చోట గుబురుగా పెరిగిన లాడ్జ్‌పోల్ పైన్ల కింద మాత్సుతాకే విరివిగా లేచింది. ఏరేవారిలో ఎక్కువమంది ఇండోచైనా యుద్ధాలనుంచి పారిపోయి వచ్చిన లావో, హ్మాంగ్, మియెన్, కంబోడియా ప్రజలు. వారితోపాటు తెల్లజాతి మాజీ సైనికులూ ఉన్నారు. పగలు ఏరి, సాయంకాలం రోడ్డుపక్క డేరాల్లో అమ్ముకుంటారు. ధర ఒక్క రాత్రిలోనే ఎక్కి దిగుతుంది. వారికి జీతం లేదు, యజమానీ లేడు. దీన్ని వారు పని అనరు, స్వేచ్ఛ అంటారు.

ఇక్కడ పెట్టుబడి ఉత్పత్తిని నడపదు. తాను పెంచని అడవినుంచి, తాను నేర్పని నైపుణ్యంనుంచి లాభం పిండుకుంటుంది. పెట్టుబడికి తన వెలుపలి ప్రపంచం కావాలని 1913లోనే రోజా లక్సెంబర్గ్ చెప్పింది. ఆ ప్రక్రియ ఒక బుట్టలో, ఒక డేరాలో, ఒక బేరంలో ఎలా సాగుతుందో త్సింగ్ చూపింది. ఫ్యాక్టరీ కార్మికుణ్ణి మాత్రమే శ్రామికుడిగా చూడటానికి అలవాటుపడిన మన విమర్శకు ఇది అవసరమైన పాఠం.

అయితే ఆ స్వేచ్ఛ ఎవరిది? ఏరేవాడు యజమాని లేనివాడైతే, కొనేవాడు ఏ బాధ్యతా లేనివాడు. ఏరేవారి మాటను రచయిత్రి గౌరవంతో వినడం న్యాయమే. విన్న తర్వాత దాన్ని తూచడం కూడా అవసరం. 1842లో రైన్ ప్రాంతంలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనం చేసే చట్టంమీద మార్క్స్ రాసినప్పుడు, పేదలు ఎలా బతుకుతున్నారని అడిగి ఊరుకోలేదు. వారి హక్కు ఏమిటని అడిగాడు.

త్సింగ్ శంకించేది మన పతాకంమీది మాటనే: అభ్యుదయం. చరిత్ర దానంతటదే ముందుకు నడుస్తుందన్న నమ్మకాన్ని ఆమె తోసిపుచ్చడం సబబే. ఆ నమ్మకం ఎన్నో అడవులను బలి తీసుకుంది. దాని స్థానంలో ఆమె ప్రతిపాదించేది చుట్టూ ఉన్నదాన్ని శ్రద్ధగా గమనించడం. మరుగున ఉన్న ఉమ్మడి బతుకులు మనల్ని ఉద్ధరించలేవని తానే ఒప్పుకుంటుంది. గ్రంథ శిల్పం కూడా ఈ దృక్పథానికి తగినదే. వాన తర్వాత పుట్టగొడుగుల్లా చిన్న చిన్న అధ్యాయాలు విడివిడిగా లేస్తాయి. వర్ణనకు అది బలమైంది. ఈ దోపిడిని ఎదిరించడం ఎలా అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆ విడివిడితనమే తప్పించుకునే దారి అయింది.

అడవిలో చెదిరి ఉన్నవారు కూడగట్టుకోలేరన్నది నిజం కాదు. 1980లలో తెలంగాణ అడవుల్లో తునికాకు ఏరేవారు కట్టకు రేటు పెంచమని పోరాడి పెంచుకున్నారు. వారికీ యజమాని ఫ్యాక్టరీలో ఎదురుగా లేడు. గమనించడం వారికీ తెలుసు. దానికి సంఘటన తోడైంది.

ఈ గ్రంథాన్ని మన విద్యార్థులు చదవాలి. శిథిలాల్లోనూ జీవం ఉందని ఇది రుజువు చేస్తుంది. శిథిలాల్లోనే సర్దుకోవాలన్న ముగింపును మాత్రం మనం అంగీకరించనక్కరలేదు.