ఎవరి వొళ్లు, ఎవరి తూకం?

తెలుగు సాహిత్యంలో ఆడదానికి రెండే వయసులు. ఒకటి పదహారు, రెండోది అమ్మతనం. నలభై అయిదు దాటి, ముట్టు నిలిచే కాలానికి వచ్చిన ఆడదాని వొంటి గురించి రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమె కూలి ఆడదైతే ఆ వేళ్లు కూడా అక్కర్లేదు. అందం, బరువు, ఆరోగ్యం అంటూ పత్రికల్లో, టీవీల్లో, సెల్‌ఫోన్లలో ఇప్పుడింత చర్చ నడుస్తోంది. ఆ చర్చ ఎవరి వొంటిని ముందు పెట్టుకుని నడుస్తోందని మనం అడగాలి. నేను మడకశిర మాదిగవాడలో పుట్టినదాన్ని. పాతికేళ్లుగా అంగన్‌వాడీలో పసిపిల్లల్ని తూకం వేస్తున్నదాన్ని. ఆ తూకం దగ్గర నిలబడే అడుగుతాను.

మాకు దగ్గర్లోనే లేపాక్షి ఉంది. పదహారో శతాబ్దపు గుడి. పైకప్పు బొమ్మల్లోని చీరల అంచుల్నే ధర్మవరం మగ్గాలు నేస్తున్నాయని గొప్పగా చెప్పుకుంటారు. ఆ గీత గొప్పదే, కాదనను. అయితే ఆ గోడల మీద సన్నని నడుమూ, తీర్చిన కొప్పూ, అలసట తెలియని కాళ్లే గాని, మోకాలు పట్టుకుని లేచే ఆడది కనిపించదు. ఆ గుడికి రాళ్లూ మట్టీ ఎత్తిన ఆడవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల వొంటిని ఎవరూ గీయలేదు.

గీయకపోవడానికి వెనకాల ఒక శాస్త్రం ఉంది. మన కామశాస్త్రాలు ఆడవాళ్లను నాలుగు జాతులు చేసినాయి. పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని. 'జాతి' అనే మాట అక్కడికి ఊరికే రాలేదు. మనుషుల్ని పుట్టుకతో నాలుగు మెట్లు చేసిన బుద్ధే ఆడవాళ్లను వొంటితో నాలుగు మెట్లు చేసింది. పైమెట్టు మీది పద్మినికి సుకుమారమైన వొళ్లు, మెత్తని మాట, తామరపూల వాసన. కిందిమెట్టు హస్తినికి లావు వొళ్లు, మొరటు గొంతు, ఎక్కువ తిండి. తమాషా ఏమంటే అదే కవులు నాయికను పొగడాలంటే 'గజగమన' అంటారు. ఏనుగు నడక అందమంట, ఏనుగు వొళ్లు మాత్రం నీచమంట! ఏనుగు మాదిరి నింపాదిగా నడిచే తీరిక ఎవరికుంటుంది? పొద్దు పొడవకముందే కొడవలి పట్టుకుని చేనికి పోయేదానికి ఉండదు. కాబట్టి అది నడక గురించిన పొగడ్త కాదు, పని చేయకపోవడం గురించిన పొగడ్త.

మా వాడలో వొంటి లెక్క వేరే. మా పక్క తెలుగూ కన్నడమూ కలిసే పలుకుతాయి. లావెక్కితే 'దప్ప అయింది' అంటారు. మా అవ్వ నోట అది తిట్టు కాదు. పుట్టింటికొచ్చిన కూతుర్ని చూసి "వొళ్లు చేసినావు పాపా, బాగుండావు" అంటే, అత్తగారింట్లో కడుపుకు ఇంత అందుతోందని అర్థం. "చిక్కిపోయినావే" అంటే ఆ మాటతోబాటు కంట్లో నీళ్లొచ్చేవి. కరువు తెలిసిన చోట సన్నదనం అందం కాదు, భయం.

మా అవ్వ అద్దం ముందు నిలబడింది తక్కువ. తూకం ఎక్కింది అసలు లేదు. శెనక్కాయ చేలల్లో వొంగి కలుపు తీసి తీసి, నడుము అట్లనే నిలిచిపోయింది. ఊళ్లోవాళ్లు 'గూని ముసల్ది' అన్నారు. రచయితలైతే 'వయోభారంతో వొంగిన నడుము' అని రాస్తారు. అది ఒట్టి వయసు బరువేనా? హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు పేద స్త్రీల ఎముకల మీద పరిశోధన చేశారు. ఎముకలు గుల్లబారడానికీ చాలని తిండికీ సంబంధం ఉందని చూపించారు. అంటే అవ్వ నడుమును వొంచింది ఏళ్లు మాత్రమే కాదు. అందులో పని ఉంది, అందని పాలూ గుడ్లూ ఉన్నాయి. 'వయోభారం' అనే మాట వాటన్నిటినీ మాఫీ చేస్తుంది.

స్త్రీవాదులు వొంటి గురించి మాట్లాడలేదా? మాట్లాడారు. జయప్రభ 'చూపులు', కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం - ఇవన్నీ ఆడదాని వొంటిని ఆడదే చెప్పుకునే దారి వేశాయి. ఆ బాకీ మనం ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ వొళ్లు ఎక్కువగా మగచూపుకూ కాన్పుకూ మధ్యన ఉన్న వొళ్లు. కూలికీ కులానికీ మధ్యన నలిగిన వొళ్లు ఆ పక్కనే నిలబడి ఉండింది. జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాసినప్పుడు తేడా తేటతెల్లమయింది. సిగ్గుకు గుర్తని లోకం చెప్పే కొంగు, మా ఆడవాళ్లకు పనిముట్టు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక దళిత స్త్రీల రాతలన్నీ ఒకచోట చూసుకోగలిగాం. అయినా వయసు పైబడిన మన వొంటి గురించి రాయాల్సింది ఇంకా చాలా మిగిలే ఉంది.

ఇక సర్కారు తూకం సంగతి. 1975లో ఐసీడీఎస్ పథకం మొదలయింది. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము బజారుకొచ్చింది కూడా ఆ ఏడే. ఒకటి మా బరువు చూడ్డానికి, ఇంకొకటి మా నలుపు పోగొట్టడానికి! క్రీము 2020లో పేరు మార్చుకుంది, సరుకు మాత్రం అంగట్లోనే ఉంది. మా రిజిస్టర్లలో ఆడదానికి ఉండే గడులు మూడు: కిశోరి, గర్భిణి, బాలింత. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయినాక ఆమెకు గడి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆడవాళ్ల రక్తహీనతను లెక్కగట్టేది 15 నుంచి 49 ఏళ్ల వరకే. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసువాళ్లలో నూటికి 58.8 మందికి రక్తం తక్కువ. అదే సర్వేలో 36.3 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. ఈ రెండు అంకెల్ని విడివిడిగా చూడొద్దు. లావుగా ఉన్న ఆడది బాగా తింటోందని కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, వరికూడు తినడం పేదలకు గౌరవం కూడా అయింది. కాని గిన్నెలో పప్పూ కూరా పెరగలేదు. ఇప్పుడు షుగర్ వచ్చినాక డాక్టర్లు రాగులూ కొర్రలూ తినమంటున్నారు. మా చేలల్లోంచి పోయిన గింజ, ఇప్పుడు పట్నం దుకాణంలో బియ్యాన్ని మించిన ధరకు కూచుంది.

రిజిస్టర్లో గడి లేని ఆడదాన్ని ప్రైవేటు ఆస్పత్రి మాత్రం వదల్లేదు. మా పిన్నమ్మ ముప్పై ఆరేళ్లకు తెల్లబట్ట అని పోతే, "గర్భసంచి తీసేయకుంటే క్యాన్సర్ అయితుంది" అని భయపెట్టి తీసేశారు. నగలు కుదవబెట్టి డబ్బు కట్టింది. నలభై దాటేసరికి వేడి ఆవిర్లు, కీళ్లనొప్పులు, నిద్ర లేకపోవడం. "పిల్లలున్నారు కదా, ఇంకా సంచి ఎందుకు?" అని చెప్పినవాళ్లు, అది పోతే వొంట్లో ఏమవుతుందో చెప్పలేదు. ఆమె ఒక్కత్తే అయితే ఇది మా ఇంటి గోడు. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మందికి తీసేశారు. దేశంలో మనదే మొదటి స్థానం. దీన్ని ఏ నవల రాసింది?

మా కూతుళ్ల కాలం ఇంకో రకం. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పొద్దంతా మిషన్ ముందు కూచుని వచ్చి, ఫోన్లో చూసి రాత్రి కూడు మానేస్తున్నారు. రక్తం లేని పిల్ల నడుము సన్నబడాలని పస్తుంటోంది. అవ్వకు కూడు లేక పస్తు, మనవరాలికి కూడుండీ పస్తు. వాళ్లను తిట్టి లాభం లేదు. 1996లో బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు మహిళా సంఘాలు వీధుల్లోకొచ్చాయి. సంస్కృతి పేరుతో ఇంకొందరొచ్చారు. 2025 మే నెలలో అవే పోటీలు తెలంగాణకొచ్చాయి. రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్లకు స్థానిక స్త్రీలు నీళ్లు పోసి తుడిచిన దృశ్యం దేశమంతా చూసింది. అది అతిథి మర్యాద అన్నారు. ఎవరి కాళ్లు అందమైనవో, ఎవరి చేతులు వాటిని తుడవాలో ఆ ఒక్క దృశ్యం చెప్పేసింది. లేపాక్షి గోడ మీద లేని ఆడది రామప్ప గుడి ముందర వొంగి కనిపించింది.

ఆస్పత్రి గోడల మీద 'ఆరోగ్యమే మహాభాగ్యం' అని రాస్తారు. భాగ్యం అంటే కొందరికే దక్కేది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక ప్రకారం మన దేశంలో దళిత స్త్రీల సగటు మరణ వయసు 39.5 ఏళ్లు, పైకులాల స్త్రీలది 54.1 ఏళ్లు. 14.6 ఏళ్ల తేడా. పైకులం ఆడది నెరిసిన వెంట్రుకకు రంగు వేయాలా వద్దా అని ఆలోచించే వయసుకు, మన ఆడదాని బొమ్మకు దండ పడుతోంది. ముసలితనం మనకు శాపం కాదు, ఇంకా అందని హక్కు.

కాబట్టి విద్యార్థులకూ కార్యకర్తలకూ నేను చెప్పేది ఇది. సౌందర్యశాస్త్రం మార్చాలంటే నల్లనిది అందమైనదని రాస్తే చాలదు. ఆ నల్లని వొళ్లు అరవై ఏళ్లు, డెబ్భై ఏళ్లు నొప్పి లేకుండా ఎందుకు నడవలేకపోతోందో రాయాలి. సంఘం మీటింగు పెట్టినప్పుడు భూమి, కూలి, రిజర్వేషన్లతోబాటు మీ అమ్మ మోకాలి గురించి, గర్భసంచి గురించి కూడా తీర్మానం చేయండి. ఇంటికి పోయి అమ్మనో పిన్నమ్మనో అడగండి: చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావమ్మా అని. ఆమె చెప్పే జవాబు రాసుకోండి. మన విమర్శకు ముడిసరుకు అదే.