మరపు రేఖ చెప్పేదీ, చెప్పనిదీ

మనస్తత్వ శాస్త్ర పాఠ్యగ్రంథాలలో జ్ఞాపకశక్తిని గూర్చిన అధ్యాయం తెరిస్తే చాలాచోట్ల ఒక వక్రరేఖ కనిపిస్తుంది. మొదట నిట్టనిలువుగా జారి, పిమ్మట మెల్లగా చదునయ్యే రేఖ అది. నేర్చినదానిలో మూడింట రెండు వంతులు ఒక్క రోజులోనే మరచిపోతామని దాని క్రింద వ్యాఖ్య. ఏ రోజు పాఠం ఆ రోజే చదవాలని హెచ్చరించడానికి ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై గీస్తుంటారు. హెచ్చరిక మంచిదే. కాని ఆ రేఖ ఆ మాట చెప్పడం లేదు.

జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన గ్రంథం దీనికి మూలం. ఆయన అర్థంలేని పదాంశాలను 13 చొప్పున 8 వరుసలుగా కంఠస్థం చేసి, కొంత వ్యవధి తరువాత వాటినే తిరిగి నేర్చినాడు. ఇట్టి జంట పరీక్షలు మొత్తం 163. మొదటిసారి 1000 సెకండ్లు పట్టినది రెండవసారి 663 సెకండ్లలో వచ్చిందనుకొందాం. అప్పుడు ఆదా నూటికి 33.7. ఒక రోజు తరువాత ఆయనకు వచ్చిన సగటు ఆదా ఇంతే. కనుక నిలువు అక్షంపై ఉన్నది శ్రమలో ఆదా; గుర్తున్న పదాంశాల లెక్క కాదు. ఒక్క పదాంశమైనా నోటికి రాని స్థితిలో కూడా తిరిగి నేర్చే శ్రమ తగ్గవచ్చు. అక్షం పేరు మార్చడంతో అర్థమే మారిపోయింది.

అడ్డు అక్షం సంగతి కూడా చూడండి. వ్యవధులు 20 నిమిషాలు, 1 గంట, దాదాపు 9 గంటలు, తరువాత 1, 2, 6, 31 రోజులు. ఆదా వరుసగా 58.2, 44.2, 35.8, 33.7, 27.8, 25.4, 21.1. ఈ ఏడు చుక్కలను సమదూరంలో పెడితే వాలు సౌమ్యంగా ఉంటుంది. నిజమైన కాలమానంతో పెడితే కొండచరియ వలె కనబడుతుంది. గ్రాఫు కాగితంపై రెండూ గీయించడం తరగతికి మంచి అభ్యాసం.

ఇంతకూ ఈ చుక్కల వెనుక ఉన్నది ఎందరు? ఎబ్బింగ్‌హౌస్ ఒక్కడే. ఆయన ఆ సంగతి దాచలేదు. సగటులతోపాటు వాటి సంభావ్య దోషాన్నీ ఇచ్చినాడు. తరువాతివారు సగటును ఉంచుకొని దోషాన్ని వదిలివేశారు.

అట్లని జనాన్ని పెంచితే చాలునా? చాలదని 1956లో విలియం ఎస్టెస్ హెచ్చరించినాడు. ఐదుగురు విద్యార్థులు ఒక లెక్క కిటుకును రోజుకొకరు చొప్పున అకస్మాత్తుగా గ్రహించారనుకొందాం. ప్రతివాని మార్కులూ 0 నుండి ఒక్క గంతులో 100కు చేరతాయి. తరగతి సగటు మాత్రం 20, 40, 60, 80, 100 అని మెట్లెక్కుతుంది. క్రమక్రమంగా నేర్చినవాడు ఆ తరగతిలో ఒక్కడూ లేడు!

2015లో ముర్రే, డ్రోస్ అనే ఇద్దరు పరిశోధకులు ఎబ్బింగ్‌హౌస్ ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. ఈసారి కూడా నేర్చినవాడు ఒక్కడే, డ్రోస్. పట్టిన కాలం 70 గంటలు. ఫలితం పాతదానిని చాలావరకు పోలినది. అయితే ఒక రోజు వద్ద రేఖ కాస్త పైకి లేచినట్లున్నది. ఇది పూర్తిగా క్రొత్త సంగతి కాదు. పై అంకెలనే మరల చూడండి: 9 గంటల నుండి ఒక రోజుకు తగ్గినది 2.1 మాత్రమే, ఆ మరుసటి రోజుకు 5.9. పాఠ్యగ్రంథాల నున్నని వంపులో ఈ చిన్న గూను కనబడదు. అది అంకెల పట్టికలోనే ఉన్నది.