వేడిని కూడా సర్క్యూట్‌లోనే గీయాలి

ఎన్‌జీస్పైస్ అనే సిమ్యులేటర్‌కు సర్క్యూట్ రాసిచ్చి, ఉష్ణోగ్రత ఇంత అని చెప్పకుండా రన్ చేస్తే, అది ప్రతి డయోడ్‌నూ 27 డిగ్రీల దగ్గరే లెక్కగడుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం గాలి వేడే 45 డిగ్రీల దాకా వెళ్తుంది.

మనందరికీ తెలిసిన 1ఎన్4007నే తీసుకోండి. ఆగకుండా ఒక ఆంపియర్ పారితే దాని మీద దాదాపు 0.9 వోల్టు పడుతుంది. అంటే 0.9 వాట్ల వేడి. డేటాషీట్ ప్రకారం వాట్‌కు 50 డిగ్రీల చొప్పున మరో 45 పెరుగుతుంది. లోపల జంక్షన్ 90కి చేరుతుంది!

అయితే ఉష్ణోగ్రతను 90కి మార్చి రన్ చేస్తే సరిపోదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. సరిపోదు. అలా చేస్తే అన్నీ ఒకేలా వేడెక్కుతాయి. రెండు డయోడ్‌లను పారలల్‌లో పెట్టి చూడండి, సిమ్యులేటర్ కరెంట్‌ను చెరిసగం పంచేస్తుంది. బోర్డు మీద అలా జరగదు. ఒకదానికి గాలి కాస్త తక్కువ తగిలినా అది ముందు వేడెక్కుతుంది. డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున దాని వోల్టేజి తగ్గుతుంది, దాంతో ఎక్కువ కరెంట్ లాక్కుంటుంది, ఇంకా వేడెక్కుతుంది.

దీన్ని తెర మీద చూడాలంటే డయోడ్‌కు మూడో నోడ్ ఇవ్వాలి. మోడల్‌లో ఆర్‌టీహెచ్0 (వాట్‌కు ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో), సీటీహెచ్0 (వేడిని ఎంత నిలుపుకుంటుందో) విలువలు రాసి, డయోడ్ లైన్ చివర ‘థర్మల్’ అని చేర్చాలి. ఆ నోడ్ దగ్గర వోల్టేజి అంటే ఉష్ణోగ్రత, కరెంట్ అంటే వాట్లలో వేడి. ఇప్పుడు ఒకదానికి ఆర్‌టీహెచ్0 కాస్త ఎక్కువ ఇస్తే, రెండు డయోడ్‌ల గీతలు విడిపోవడం కళ్లారా చూడొచ్చు. ఆ రెండు వేడి నోడ్‌లను చిన్న రెసిస్టర్‌తో కలిపి మళ్లీ రన్ చేయండి, గీతలు దగ్గరకొస్తాయి. రెండింటినీ ఒకే అల్యూమినియం పట్టీకి ఎందుకు బిగిస్తారో ఇంత తేటగా చెప్పే పాఠం నాకు మరొకటి దొరకలేదు.

ఐఐటీ బాంబే ఫాసీ బృందం తెచ్చిన ఈసిమ్ అనే సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ వెనక పనిచేసేది కూడా ఎన్‌జీస్పైసే. పైసా ఖర్చు లేదు. మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఈ ఒక్క ప్రయోగమైనా చేయించాలని నా కోరిక.

ఒక జాగ్రత్త. డేటాషీట్‌లోని ఆ 50 అనే అంకె, డయోడ్ కాళ్లు 9.5 మిల్లీమీటర్ల పొడవుతో బోర్డు మీద ఉన్నప్పటిది. మీ బోర్డు మీద రాగి ఎంతుందో దానికి తెలియదు. నేనైతే సర్క్యూట్‌ను గంటసేపు నడవనిచ్చి, డయోడ్ కాలికి థర్మోకపుల్ ఆనించి చూసి, దాన్నిబట్టి ఆర్‌టీహెచ్0ను సరిచేస్తాను.