'ది క్రూసిబుల్' నాటకమున నామగౌరవము

1692లో అమెరికాయందలి సేలము గ్రామమున జరిగిన మంత్రగత్తెల విచారణలే ఆర్థర్ మిల్లర్ నాటకమగు 'ది క్రూసిబుల్'నకు ఇతివృత్తము. అది 1953లో ప్రదర్శింపఁబడెను.

నాయకుఁడగు జాన్ ప్రాక్టరు తుదియంకమున సైతానుతోఁ బొత్తు చేసితినని యబద్ధ మొప్పుకొనును. తాను పాపి గనుక, పుణ్యశీల యగు రెబెకా నర్సువలెఁ జచ్చుట కనర్హుఁడనని యతని తలంపు. సంతకము చేసియు, పత్రమును న్యాయాధిపతి కీయక చించి యురికంబ మెక్కును. తన పేరు తనకు దక్కవలయునను నతని మొఱ కీర్తికాంక్షగాఁ దోఁపవచ్చును.

మూఁడవ యంకమును స్మరించినచో నీ శంక నిలువదు. అబిగెయిలు కల్లలను బయలుపఱచుటకై తన వ్యభిచారమును నిండుసభలో వెల్లడించి, లోకకీర్తిని వదలుకొనినవాఁ డతఁడే. ఎన్నఁడు ననృతమాడని భార్య ఎలిజబెత్తు అతని పరువుకై యాడిన యొక్క యబద్ధమే యతని మాటను వమ్ము చేసెను.

కీర్తికాంక్ష న్యాయాధిపతి డాన్‌ఫర్తుది. పండ్రెండుగు రీవఱకే యురితీయఁబడిరి గావున, తక్కినవారిని క్షమించుట ధర్మాసనమునకుఁ గళంకమని యతని వాదము. పశ్చాత్తప్తుఁడైన మతాచార్యుఁడు హేలు సయితము ప్రాణమునకై యబద్ధమాడుఁడని బోధించును.

ప్రాక్టరు అబద్ధమునకు వెఱవలేదు. చర్చి తలుపునఁ గొట్టఁబడు సంతకమునకు వెఱచెను. అది నిరపరాధుల మరణమునకు సమర్థన మగును. కావున నతఁడు కాచుకొనిన పేరు కీర్తి గాదు. మతాధికారమున కమ్ముకొన నొల్లని సాక్ష్యము.