టీకా పాఠము: మరచిన ఎంజైములు

టీకా వేసినచో శరీరములో ప్రతిరక్షకములు పుట్టుననియు, అవి రోగమును అడ్డగించుననియు చెప్పి ఉన్నత పాఠశాలలలో టీకా పాఠమును ముగించుట పరిపాటి. ధనుర్వాతము, కంఠసర్పి వంటి వానికి ఈ వివరణ చాలును. అక్కడ విరువవలసినది రక్తములో చేరు విషమును. క్షయకు వేయు బి.సి.జి. దగ్గర మాత్రము ఇది చాలదు. క్షయక్రిమి తనను మ్రింగిన బృహద్భక్షక కణములోనే కాపురము పెట్టును. వాకిట నున్న కావలివాడు ఇంటిలో దూరిన దొంగను ఏమి చేయగలడు?

అక్కడ పోరు ఎంజైములది. ఒక ఎంజైము ఆర్జినీను నుండి నైట్రిక్ ఆక్సైడును తయారుచేయును. ఇంకొకటి ఆమ్లజనిని సూపరాక్సైడుగా మార్చును. దీని భాగములు మామూలు వేళ విడివిడిగా ఉండి, క్రిమి లోపలికి రాగానే పొరవద్ద కూడుకొనును. టీకాచే శిక్షణ పొందిన టి-కణములు ఇంటర్‌ఫెరాన్-గామాను వెలువరించి, బృహద్భక్షకములలో ఈ సన్నాహమును హెచ్చించును.

క్రిమి ఊరక చూచుచుండదు. మొదట నాచారములోను, తరువాత నాంపల్లిలోను ఉండి ఇప్పుడు ఉప్పలులో పనిచేయుచున్న డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రమువారు 2017, 2019లలో ప్రకటించిన పరిశోధనలు దీనిని చక్కగా చూపినవి. క్షయక్రిమికి చెందిన పి.పి.ఇ.2 అను ప్రోటీను కణకేంద్రములో ప్రవేశించి మొదటి ఎంజైము తయారీని అణచును. రెండవ ఎంజైములోని పి67 అను భాగమును పట్టుకొని దాని పనిని చెరచును. ఉప్పలు, నాచారము పిల్లలకు కూతవేటు దూరములో నున్న ఇట్టి ఉదాహరణ తరగతిలో వినబడకపోవుట లోపమే.

అయితే దీనికి ఎదురు తప్పు కూడ ఉన్నది. ఎంజైము హెచ్చినదనగానే రక్షణ హెచ్చినదని వ్రాయుట పత్రికలకు అలవాటైనది. బి.సి.జి. వేసిన మూడు నెలల తరువాత కూడ మోనోసైటు కణములు సంబంధములేని క్రిములకు సైతము హెచ్చుగా స్పందించినవని 2012లో నెదర్లాండ్సు పరిశోధకులు చూపిరి. గ్లూకోజును విరుచు ఎంజైముల మార్గమును ఆపినచో ఈ శిక్షణ కుంటుపడునని 2016లో తేలెను. రెండును మంచి ప్రయోగములే. వీనినిబట్టి 2020లో బి.సి.జి. కోవిడును ఆపునని ఆశపడినవారు పెక్కుమంది. 2023లో ప్రకటించిన, అయిదు దేశముల ఆరోగ్యసిబ్బందిపై జరిపిన పరీక్షలో అట్టి తగ్గుదల కనబడలేదు.

ఇంతకంటె పాత గుణపాఠము మన పొరుగుననే ఉన్నది. 1968లో మద్రాసు దగ్గర చెంగల్పట్టు జిల్లాలో 2,50,000కు పైబడిన జనులతో బి.సి.జి. పరీక్ష ఆరంభమైనది. టీకా వేసిన రెండున్నర నెలలకు ట్యూబర్క్యులిన్ పరీక్షలో చర్మము బాగుగా స్పందించెను. కొలత చూచినవారు తృప్తిపడదగినదే. రెండున్నర ఏండ్లకు ఆ స్పందన చాలవరకు తగ్గిపోయెను. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయనుండి టీకా రక్షణ ఈయలేదు. అదే టీకా పసిబిడ్డలను మెదడుపొరల క్షయనుండి కాపాడుచున్నది. ఈ భేదమును ముందుగా సూచింపగల ఎంజైము కొలత ఇంకను దొరకలేదు.